పై పళ్ళు, కింది పెదవి

పటమటలో మా ఇంటికి కాస్త అవతల సందులో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంది. వయసుకి నా మనవరాలంత ఉంటుంది. పోయిన వారం నా పై పళ్ళ సెట్టు సరిచూస్తానని రమ్మంది. అసలు సెట్టు ఇంకా తయారు కాలేదట, మైనం మీద పళ్ళు అమర్చిన నమూనా మాత్రమేనట. దాన్ని నా నోట్లో పెట్టి, కుర్చీని నిటారుగా లేపి, "మేడమ్, యాభై నుంచి ఇంగ్లీషులో లెక్కపెట్టండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బెజవాడ పిల్లలకి ఇంగ్లీషు చెప్పినదాన్ని. నాకే ఒకటో తరగతి పరీక్ష పెడతావా అని అడగబోయాను. కానీ నోటినిండా మైనం పెట్టుకుని ఎవరు మాత్రం పోట్లాడగలరు? ఫిఫ్టీ, ఫిఫ్టీ వన్, ఫిఫ్టీ టూ అంటూ పోయాను. ఆ పిల్ల చేతిలో చిన్న లైటు పట్టుకుని, నా మొహం మీదికి వంగి, నా పెదాలనే చూస్తోంది.

"ఎఫ్ అన్నప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవికి తగలాలి మేడమ్. సరిగ్గా తగిలితే పళ్ళ పొడుగు సరిపోయినట్టే. మీకు భలే క్లియర్‌గా వస్తోంది" అంది.

సంతోషించాల్సిన మాటే. కానీ ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నం కలుపుకుని, ముద్ద ఎత్తలేక కంచం పక్కన పెట్టేశాను. నా పెదాల వైపు అంత దగ్గరగా, అంత పట్టుదలగా చూసిన మనిషి నా బతుకులో అంతకుముందు ఒక్కతే ఉంది. మా అక్క. అది పోయి చాలా కాలమైంది. దాని సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

మాది చల్లపల్లికి అవతల, కాలవ పక్కన నేతగాళ్ళ వీధి. ఇప్పుడు వెళ్ళి చూస్తే వీధి ఉంది గానీ మగ్గాలు లేవు. మగ్గం గుంటలు పూడ్చేసి పైన టైల్సు వేసుకున్నారు. మా చిన్నప్పుడు తెల్లవారితే చాలు, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే టకటక. మా చావడిలో నాన్న మగ్గం, దాని వెనక బాబాయి మగ్గం. వాకిట్లో నిలువునా చాపిన పడుగు పోగులకి పట్టించిన గంజి వాసన. ఆ పులిసిన వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టేసి, తలంటు పోసుకున్నా వదిలేది కాదు. బళ్ళో రైతుల పిల్లలు మమ్మల్ని చూసి ముక్కులు మూసుకునేవారు. మేం వాళ్ళని చూసి నాలుకలు బయటపెట్టేవాళ్ళం.

ఆ చప్పుళ్ళలో గొంతు పెట్టి మాట్లాడడం దండగ. అందుకని మగ్గాలు నడుస్తున్నంతసేపూ మా వీధిలో ఎవరూ గొంతు వాడేవారు కాదు. పెదాలతోనే మాట్లాడుకునేవారు. మాటని చప్పుడు లేకుండా నోట్లో పెద్దగా ఆడిస్తే, ఎదుటివాళ్ళు పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి పెదాలు కదిపితే, నాన్న మగ్గం ఆపకుండానే చేపల పులుసే పెట్టమని పెదాలతో బదులు చెప్పేవాడు. సంబంధాల కబుర్లు, తగువులు, సరసాలు అన్నీ అలాగే నడిచేవి. మా నాయనమ్మ అయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడలిని తిట్టేది, పక్కింటివాళ్ళకి ఒక్క ముక్క వినబడేది కాదు. అలా మేం చెవులతో పాటు కళ్ళతో కూడా మాటలు వింటూ పెరిగాం.

మగ్గం ఉన్న ఇంట్లో ఇంకో కట్టడి ఉండేది. మగ్గానికి పక్క కొసల దగ్గర ఎవరూ కూర్చోకూడదు. అది నాడె పరిగెత్తే దారి. రెండు వైపులా ఇనుప మొనలున్న కొయ్య నాడె, కడుపులో దారపు కండె పెట్టుకుని, నేసేవాళ్ళు తాడు లాగినప్పుడల్లా పడుగు మధ్య నుంచి అటూ ఇటూ దూసుకుపోతుంది. ఎప్పుడైనా తెగిన పోగు అడ్డం పడిందా, పైకి లేచి బయటికి ఎగురుతుంది. నడక నేర్చిన పసివాళ్ళకి నిప్పు దగ్గరికి వెళ్ళొద్దని చెప్పినట్టే, మగ్గం కొసన కూర్చోవద్దని చెప్పేవారు.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. అయినా ఇద్దరం ఒకే తరగతి. నాకు బడి వయసు వచ్చేదాకా దాన్ని కండెలు చుట్టడానికి ఇంట్లోనే ఉంచేసి, తర్వాత ఇద్దర్నీ ఒకే రోజు బళ్ళో వేశారు. దానికి పెద్ద పెద్ద తెల్లటి పళ్ళు. కాస్త ముందుకి ఉండేవి. "దాని పళ్ళు ముందు అత్తారింటికి చేరతయ్యి, అది ఎనకాల నడుచుకుంటా వెళ్ళుద్ది" అని నాయనమ్మ వెక్కిరించేది. అక్క ఏమీ అనుకునేది కాదు. ఆ పళ్ళు కనబడేలా ఇంకాస్త నవ్వేది.

చలికాలంలో చెరకు బళ్ళు ఉయ్యూరు ఫ్యాక్టరీకి మా రోడ్డు మీదుగానే వెళ్ళేవి. అక్క బండి వెనక నక్కి నక్కి నడిచి ఒక గడ లాగేది. "ఎవత్తివే అదీ!" అని బండివాడు వెనక్కి తిరిగేలోపు ఇద్దరం కాలవ గట్టు దిగిపోయేవాళ్ళం. నాకు చెరకు తొక్క తియ్యడం చేతనయ్యేది కాదు. అక్క పై పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగితే కణుపు నుంచి కణుపు దాకా లేచి వచ్చేది. మొదటి ముక్క ఎప్పుడూ నాకే ఇచ్చేది.

మేం ఐదో తరగతిలో ఉండగా కొత్త టీచరమ్మ వచ్చింది. విజయవాడ నుంచి వచ్చిన క్రైస్తవురాలు. మా వీధి చివర ఒక గది అద్దెకి తీసుకుంది. క్రిస్మస్‌కి మా ఇంటికి పళ్ళెం నిండా అరిసెలూ కజ్జికాయలూ తెచ్చింది. నాయనమ్మ పళ్ళెం అందుకుని, "ఎంత మంచిదానివమ్మా" అని మొహం మీద పొగిడి, ఆవిడ మలుపు తిరగ్గానే "గేదెకి పెట్టండే" అంది. గేదెకి ఒక్కటి కూడా దక్కలేదు. నేనూ అక్కా బాబాయి మగ్గం గుంటలో దిగి కూర్చుని అన్నీ తినేశాం. వేళ్ళకి పట్టిన నెయ్యి వాసనతో దొరికిపోయి వీపులు పగలగొట్టించుకున్నాం.

ఆ టీచరమ్మ వచ్చీ రావడంతోనే మా నోళ్ళలో ఎఫ్ లేదని కనిపెట్టింది. మాకు ఫాదరు పాదరు, ఫిష్షు పిష్షు, కాఫీ కాపీ. కాస్త చదువుకున్నవాళ్ళయితే అదే అక్షరాన్ని గట్టిగా ఊది, ఇంగ్లీషు పలికామనుకునేవారు. ఆవిడ ఒప్పుకునేది కాదు. "రెండు పెదాలూ కలవకూడదర్రా. పై పళ్ళు, కింది పెదవి. పళ్ళని పెదవి మీద ఆనించి మెల్లగా గాలి వదలండి. పై పళ్ళు లేకపోతే ఈ సౌండే లేదు" అని రోజూ చెప్పేది. మా వీధి నుంచి దారప్పోగు తెప్పించి ఒక్కొక్కరి నోటి ముందు వేలాడదీసేది. తప్పు పలికితే పోగు ఎగిరిపడేది. సరిగ్గా పలికితే ఒక పక్కకి వాలి, గాలి ఉన్నంతసేపూ అలాగే ఉండేది. తరగతి తరగతంతా పెదాలు కొరుక్కుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు తుంపర్లు చిమ్ముకుంటూ, నవ్వలేక చచ్చేవాళ్ళం.

అక్కకి మర్నాటికల్లా వచ్చేసింది. మిగతావాళ్ళందరూ టీచరమ్మ గొంతు విన్నారు, అక్క ఆవిడ మూతి చూసింది. నాకూ ఆ విద్య ఉంది గానీ ఓపిక లేదు. రాకపోయేసరికి ఉక్రోషంతో పలక విసిరేశాను. అక్క వదిలితేనా. ఇంటి దగ్గర మూలన నేను రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంటే నా పక్కన చేరేది. నా గడ్డం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, నా పెదవి ఎక్కడ జారిపోతోందో చూసేది. "ఇట్టా కాదే, ఇట్టా" అని పెదాలతోనే చెప్పి, తన పళ్ళు బయటపెట్టి చూపించేది. నాకు విసుగొచ్చి గిల్లేదాన్ని. గిల్లించుకుని మళ్ళీ మొదలుపెట్టేది. చివరికి నాకూ వచ్చింది. వచ్చిన రోజున నాకంటే అదే ఎక్కువ గెంతింది.

మాఘమాసంలో ఒకరోజు టీచరమ్మ మా ఇంటికొచ్చి నాన్నని మగ్గం ఆపమంది. విజయవాడలో ఒక మిషన్ బడి ఉందని, మా వైపు ఊళ్ళ నుంచి ఆరో తరగతికి ఒక్క ఆడపిల్లని హాస్టల్లో పెట్టుకుని ఉచితంగా చదివిస్తారని, దానికి హెడ్‌మిస్ట్రెస్ ఎదుట ఇంగ్లీషు పాఠం చదివి వినిపించాలని చెప్పింది.

"మీ పెద్దమ్మాయి చదివినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ చదవరండీ. పన్నెండు నిండితే వాళ్ళు తీసుకోరు. అమ్మాయికి ఈ ఒక్క ఏడే ఉంది, పోగొట్టకండి" అంది.

ఆవిడ వెళ్ళగానే నాయనమ్మ లేచింది. "మతంలో కలిపేసుకుంటార్రా దాన్ని. అయినా అది పోతే కండెలెవరు చుడతారు, నీ తాతా?" అంది.

"చిన్నది చుట్టుద్దిలేమ్మా. నా కూతురు దొరసాన్లా మాట్టాడుద్దంట. నువ్వూరుకో" అన్నాడు నాన్న.

నాన్న మామూలుగా మాటలు తక్కువ మనిషి. ఆ రోజు నుంచీ మారిపోయాడు. వీధిలో కనబడినవాళ్ళకల్లా చెప్పాడు. తనకి కూడా ఆ సౌండు నేర్పమని అక్క వెంటపడ్డాడు. మగ్గంలో కూర్చుని నేస్తూనే అక్క వైపు తిరిగి, ఆకూవక్కలతో ఎర్రబడ్డ పై పళ్ళు కింది పెదవి మీద పెట్టి ఊదేవాడు. ఉమ్మి తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. అక్క కడుపు పట్టుకుని కూలబడేది. నాయనమ్మ కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఇంట్లో అంత నవ్వు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ పరీక్షకి ఇంకా కొద్ది రోజులుందనగా జరిగింది. ఎండలు ముదిరి పోగులు పెళుసెక్కి ఊరికే తెగిపోతున్నాయి. నేను మగ్గానికి అవతలి మూల, గుంజ చాటున రాట్నం తిప్పుతున్నాను. అక్క ఎప్పుడూ నా పక్కనే కూర్చునేది. ఆ రోజు ఆ చోట అమ్మ కొత్త పడుగు చుట్ట పెట్టింది. నాకు కనబడాలని అక్క మగ్గానికి ఇవతల కొసన గొంతుక్కూర్చుంది. తను చదవబోయే పాఠంలో ఒక రైతుకి పొలంలో ఈక దొరుకుతుంది, అందులో ఫార్మరు, ఫీల్డు, ఫెదరు అంటూ మాటమాటకీ ఎఫ్‌లే. వాటిని నాకూ నాన్నకీ ఒక్కొక్కటే పలికి చూపిస్తోంది. పుట్టినప్పటినుంచీ వింటున్న కట్టడి దానికెలా గుర్తు రాలేదో నాకు తెలియదు. నాన్నకి కూడా గుర్తు రాలేదు. ఆయన దాని పెదాలనే చూస్తూ, తనూ పళ్ళు పెదవికి ఆనిస్తూ, హుషారులో తాడు బలంగా లాగాడు.

నాకు ఏ చప్పుడూ వినబడలేదు. వెనక బాబాయి మగ్గం నడుస్తూనే ఉంది. నేను అక్క నోటినే చూస్తున్నాను. ఆ పళ్ళు అక్కడ ఉన్నాయి, నేను చూస్తుండగానే లేవు. అక్క అరవలేదు. రెండు చేతులూ నోటికి పెట్టుకుని, ఏం జరిగిందో చెప్పమన్నట్టు నాన్న వైపు చూసింది.

అమ్మ దాన్ని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. నాన్న గుంటలోంచి లేవబోయి లేవలేక, మళ్ళీ ప్రయత్నించి, అలాగే కూర్చుండిపోయాడు. వీధిలో మగ్గాలు ఒకటొకటే ఆగిపోయాయి. పట్టపగలు మా వీధిలో నిశ్శబ్దం వినడం నాకదే మొదటిసారి. నాకు చాలా భయం వేసింది.

చల్లపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పై వరసలో ముందు పళ్ళన్నీ పోయాయి. విరిగి మిగిలిన ముక్కలు కూడా అక్కడే తీసేశారు. పెదవికి కుట్లు పడ్డాయి. తిరిగొచ్చాక అక్కకి జావా, గంజీ, మజ్జిగా. వాపుతో మొహం ఎవరిదో అనిపించేది. నాయనమ్మ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసి, "వీధంతా చెప్పుకున్నాడు, కళ్ళు పడ్డయ్యి నా తల్లి మీద" అని పైకే ఏడ్చింది. అక్క పళ్ళ గురించి ఆవిడ ఆ తర్వాత ఒక్క మాట అనలేదు.

రక్తం పడ్డ పడుగుని నాన్న తీసెయ్యలేదు. నూలు మాది కాదు, షావుకారుది. అమ్మ తడిగుడ్డతో తుడిచింది, నాన్న దాని మీదే నేశాడు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో మరి. నాన్న అప్పటినుంచి పెదాలతో మాట్లాడడం మానేశాడు. ఏం చెప్పాలన్నా మగ్గం ఆపి, నేల వైపు చూస్తూ, గొంతుతో చెప్పేవాడు. ఆయన మానేశాక మేమూ మానేశాం. మా ఇంట్లో ఎవరూ ఎవరి మూతీ చూడకుండా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం.

పరీక్షకి వెళ్ళొద్దని అమ్మ అంది. అక్క వెళ్తానంది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "చెల్లి కూడా రావాల" అంది. నాన్నా, అక్కా, నేనూ బస్సెక్కాం. విజయవాడలో మిషన్ బడి గేటు దగ్గర టీచరమ్మ మా కోసం నిలబడి ఉంది. అక్కని చూసి ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

ఫినాయిలు వాసన కొట్టే పొడుగాటి గది. తెల్ల చీర కట్టుకున్న పెద్దావిడ హెడ్‌మిస్ట్రెస్. అక్క నోటి మీద నుంచి చెయ్యి తీసి పుస్తకం పట్టుకుని చదివింది. ఎఫ్ వచ్చిన చోటల్లా ఒట్టి గాలి బయటికి పోయింది. దానికి తెలివి లేక కాదు. అందరిలా ప అనేసి ముందుకి పోవచ్చు, వినేవాళ్ళు సర్దుకునేవారు. అది అలా చెయ్యలేదు. ప్రతిచోటా ఆగి, కింది పెదవిని పైకి లేపి, అక్కడ లేని పళ్ళ కోసం వెతికి, ఓడిపోయి, తర్వాతి మాటకి వెళ్ళింది. చివరి దాకా చదివింది. నాకు దాని చేతిలోంచి పుస్తకం లాగేసి పారిపోవాలనిపించింది.

"చాలా ధైర్యంగా చదివావమ్మా" అంది పెద్దావిడ. తర్వాత నాన్నతో, "గాయం ఇంకా పచ్చిగానే ఉందండీ. బడి తెరిచేది జూన్‌లో కదా. అప్పుడొకసారి తీసుకురండి, మళ్ళీ విందాం. అప్పటిదాకా ఈ సీటు ఎవరికీ ఇవ్వను" అంది.

నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "రాదమ్మగారూ దానికి" అన్నాడు. "పై పళ్ళు లేకపోతే ఆ సౌండే లేదని టీచరమ్మగారు చెప్పారండి. పళ్ళు మళ్ళీ మొలవ్వు గదండీ. చిన్నదానికి వచ్చండి. ఆ సీటు చిన్నదానికివ్వండి."

"నేనన్నది పిల్లలకి అర్థమవ్వాలని అండీ. తొందరపడకండి" అంది టీచరమ్మ.

"దాన్నింకోసారి ఇట్టా నలుగుర్లో నిలబెట్టి నోరు తెరిపించలేనండి. నా వల్ల కాదు" అని నాన్న అక్కడే, ఆ ఇద్దరు ఆడవాళ్ళ ముందు, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నన్ను చదవమన్నారు. అదే పాఠం చదివాను. అక్క గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా పెదాలనే చూస్తోంది. ఎఫ్ వస్తుందనగా దాని గడ్డం కొంచెం పైకి లేచేది, ఇప్పుడు పళ్ళు ఆనించు అన్నట్టు. నేను ఒక్కచోట కూడా తప్పు పోలేదు. సీటు నాకిచ్చారు. బస్టాండులో నాన్న అక్కకి బత్తాయి రసం ఇప్పించాడు. సగం తాగి మిగతాది నాకిచ్చింది.

జూన్‌లో నా ట్రంకు పెట్టె అక్కే సర్దింది. నాకు ఏడుపు వచ్చింది, లోపల సంతోషంగానూ ఉంది. రెండూ నిజమే, ఏ ఒక్కటీ దాచను. అక్క మాత్రం ఏడవలేదు. గౌన్లు మడతపెడుతూ మధ్యమధ్య గోడ వైపు తిరిగి కాసేపు ఉండిపోయేది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను.

దసరా సెలవులకి వచ్చేసరికి బాబాయి వేరు పడి వెళ్ళిపోయాడు. ఆయన మగ్గంలో అక్క కూర్చుంటోంది. హాస్టలు కబుర్లన్నీ దాని ముందు గుమ్మరించాను. అక్కడి ఉప్మా ఎలా ఉంటుందో, రాత్రి ప్రార్థనలో ఎవరు కునుకుతారో, ఏ టీచరు ఎలా నడుస్తుందో చేసి చూపించాను. అది నేస్తూనే నవ్వింది, చెయ్యి ఖాళీ లేదు కనక తల వంచుకుని నవ్వింది. తర్వాత కొత్త ఇంగ్లీషు పుస్తకం తీసి గొప్పగా చదవడం మొదలుపెట్టాను.

కాసేపు విని అక్క తాడు వదిలేసింది. నాన్న మగ్గం ముందు వైపు నడుస్తూనే ఉంది. నన్ను దగ్గరికి రమ్మని, గోడ వైపు తిరిగింది. పై వరసలో దవడ పళ్ళకి ముందు, ఒక పక్కన కోరపన్ను ఒక్కటే దానికి మిగిలింది. కింది పెదవిని ఆ పక్కకి ఈడ్చి, ఆ పన్నుకి ఆనించింది. మొహమంతా వంకర పోయింది. ఒక కన్ను సగం మూసుకుపోయింది. పక్షవాతం వచ్చిన ముసలిదాని మొహంలా ఉంది, నాకు భయం వేసి వెనక్కి జరిగాను. అప్పుడు గాలి వదిలింది. అచ్చమైన ఎఫ్. తర్వాత పుస్తకం లేకుండానే ఆ రైతు పాఠం మొదటి వాక్యం చెప్పింది. ఒక్క ఎఫ్ కూడా తప్పు లేదు.

"అక్కా! వచ్చిందే!" అని అరిచాను.

నాన్న మగ్గం ఆగింది. "ఏంటే వచ్చింది?" అన్నాడు అటు నుంచి.

అక్క నా వైపు తిరిగి చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. చెప్పకు. ఎన్నో నెలల తర్వాత మా ఇంట్లో పెదాలతో ఆడిన మొదటి మాట అది.

"దారం చిక్కు పడింది నాన్నా. ఇప్పుడు విడొచ్చింది" అన్నాను. నాన్న మళ్ళీ నెయ్యడం మొదలుపెట్టాడు.

సాయంత్రం కాలవ రేవులో అంట్లు తోముతూ అడిగాను, ఎప్పుడొచ్చిందని. "నీ పెట్టె సర్దేటప్పటికే వచ్చిందే" అంది.

"మరి చెప్పలేదేం? ఆ పెద్దమ్మగారు జూన్ దాకా ఆగుతానంది కదా!"

"నాన్న మాటిచ్చేశాడు గదా."

"మాటిస్తే? వెళ్ళి చెబితే..."

"చెబితే నాన్నేమైపోతాడే?" అంది అక్క. గిన్నెకి బూడిద పట్టిస్తూ, నా వైపు చూడకుండా. "నాడె తగలడం ఆయన చేతుల్లో లేదు. సీటు వద్దంది మటుకు ఆయనే. నాకొస్తదని తెలిస్తే ఇంక మగ్గం ఎక్కుతాడా? అన్నం తింటాడా?"

నేను ఏడ్చేశాను. నేను మానేస్తాను, నువ్వెళ్ళు అన్నాను. "ఏడిశావులే. నాకు పన్నెండు నిండినయ్యి" అంది. గిన్నె నీళ్ళలో ముంచి, "నీక్కూడా చెప్పగూడదనే అనుకున్నా. నువ్వట్టా చదూతంటే ఆగలేకపోయా" అంది.

నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పిల్లల పెదాలు చూసి ఆ శబ్దం ఎందరికి నేర్పానో నాకే గుర్తు లేదు. అక్క పక్క ఊరి నేతగాడిని చేసుకుంది. పెళ్ళి ఫొటోలో కూడా దాని అరచెయ్యి నోటి మీదే ఉంది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇన్నేళ్ళలో తేలలేదు. నాన్న మీద తెచ్చుకుందామంటే ఆ గదిలో తువ్వాలు అడ్డం పెట్టుకున్న మనిషి కనబడతాడు. టీచరమ్మ మీద తెచ్చుకుందామంటే ఆవిడ మంచికే చెప్పింది. అక్క మీద మాత్రం కోపం వచ్చేది. అంత చిన్నది, అంత పెద్ద బరువు ఎవరినీ అడగకుండా ఎత్తుకున్నందుకు.

నాన్న చాలా కాలం బతికాడు. ముసలితనంలో, మేమిద్దరం వెళ్ళినప్పుడు ఇంటికెవరొచ్చినా నన్ను చూపించి, "చిన్నది బెజవాడలో టీచరండి" అనేవాడు. ఆ వెంటనే, వాళ్ళు అడక్కపోయినా, "పెద్దది దీనికంటే బాగా చదివేదండి. పళ్ళు పోయినయ్యి, ఆ సౌండు దానికింక రాదు గదండీ. ఏం చేస్తాం" అనేవాడు. అని, నిజమే కదా అన్నట్టు అక్క వైపు చూసేవాడు. అక్క నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తియ్యకుండా, "అవునండీ, నాకు రాదు" అనేది.